ఓడదొర పేరున పెట్టిన దీపం

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. గాలి తగిలే చోటు మీరు తీసుకోండి, నాకు ఈ గోడ వార చాలు. గొంతు పెంచి చెప్పే సంగతి కాదిది. చెవి ఇటు పెట్టి వింటే నాకూ చెప్పడం తేలిక.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో మా అత్తవారింట్లో ఒక వింత చూశాను. మా మామయ్య అన్నగారి భార్య, నాకు పెద్దత్తయ్య, పొద్దు వాలగానే రెండు దీపాలు వెలిగించేది. ఒకటి దేవుడి గూట్లో. రెండోది వసారా గోడకున్న చిన్న గూట్లో. ఆ రెండో గూట్లో పటమూ లేదు, బొమ్మా లేదు.

"ఇదెవరికి అత్తయ్యా?" అని అడిగాను.

"ఓడదొరకే అమ్మాయ్" అంది వత్తి ఎగదోస్తూ.

"ఎవరా దొర?"

"జర్మనీ కుర్రోడు. మీ పెద్దమామయ్య ఆయన దగ్గరే ఉన్నాడు."

నవ్వాలో ఊరుకోవాలో తెలియక తలుపు పట్టుకుని నిలబడ్డాను. అరవై దగ్గరపడిన మనిషి. నుదుట పెద్ద కుంకుమ బొట్టు, చేతుల నిండా మట్టిగాజులు. ఆమె భర్త యుద్ధం రోజుల్లో ఓడ మీద వెళ్ళి తిరిగి రాలేదని పెళ్ళికి ముందే మా పుట్టింటివాళ్ళు విన్నారు. రాకపోతే పోయినట్టే కదా అనుకున్నాం అందరం. ఈ ఇంట్లో మాత్రం అలా అనుకోలేదు.

ఎందుకు అనుకోలేదో మామయ్యే చెప్పాడు. ఆ కథ ఆయన చాలాసార్లు చెప్పేవాడు, ఒక్క మాట కూడా మారేది కాదు.

పుగాకు ధర పడిపోయి, వానలు ముఖం చాటేసిన ఏడు, అన్నదమ్ములిద్దరూ కలకత్తా పోయి సరుకు ఓడలో చేరారు. బాయిలర్‌కు బొగ్గు ఎగదోసే పని. కాకినాడలో బాంబులు పడ్డాయని మన తీరమంతా వణికిన మరుసటి ఏడు అది. గోనెసంచులూ టీ పెట్టెలూ వేసుకుని ఓడ ఆఫ్రికా వైపు పోతుంటే తెల్లవారుజామున అడుగున పెద్ద శబ్దమైంది. ఆవిరి గొట్టం పగిలి మామయ్య వాళ్ళన్నయ్య ఛాతీ, చెయ్యి ఉడికిపోయాయి. మామయ్య ఆయన్ని భుజాన వేసుకుని పైకెక్కి చిన్న పడవలో పడేశాడు. వీళ్ళు కాస్త దూరం పోయేలోపే ఓడ ముక్కు పైకెత్తి మునిగిపోయింది.

అప్పుడు నీళ్ళలోంచి ఇంకోటి పైకి లేచింది. నల్లగా, ఇనుముతో చేసిన తిమింగలంలాగా ఉందట. ముందు మామయ్య నిజంగానే జలచరమనుకుని కళ్ళు మూసుకున్నాడట. కళ్ళు తెరిస్తే దాని నడుమ బురుజు లాంటిదొకటి, ఆ బురుజుకు తెల్లరంగుతో వేసిన బొమ్మ. గొడుగు పట్టుకున్న చేప. దాని పైనుంచి ఒకడు తల బయటపెట్టాడు.

"నేనైతే ఆ పిల్లాణ్ణి ఒంటరిగా చేను కాపలాకి కూడా పంపనమ్మా" అనేవాడు మామయ్య. "గడ్డం అప్పుడే మొలిచింది. అందరూ ఆణ్ణి చూసి సెల్యూట్ కొడతన్నారు. వాడే కెప్టెన్."

ఆ కుర్రవాడు ఇంగ్లీషులో ఓడ పేరు అడిగాడు, సరుకేమిటని అడిగాడు. తర్వాత దెబ్బలు తగిలినవాళ్ళున్నారా అని అడిగాడు. పడవలోని మేస్త్రీకి కాస్త ఇంగ్లీషు వచ్చు. అతను అన్నయ్యను చూపించాడు. కుర్రవాడు చాలాసేపు చూసి వెనక్కి తిరిగి ఏదో చెబితే, ఇద్దరు మనుషులు దిగి అన్నయ్యను చంకల్లో చేతులు వేసి పైకి తీసుకున్నారు. తమ దగ్గర డాక్టరున్నాడని మేస్త్రీతో చెప్పారు. మామయ్య కూడా లేచి నిలబడ్డాడు. కుర్రవాడు అరచెయ్యి అడ్డంపెట్టి వద్దన్నాడు.

అన్నయ్య ఆ నొప్పిలోనే వెనక్కి తిరిగి, "ఒరేయ్, కంగారుపడమాక. ఈళ్ళ దగ్గర మందుందంట. నేను ఎనకమాల వస్తన్నానని మీ వదినకి చెప్పు" అన్నాడట.

తరువాత వీళ్ళ పడవకు మంచినీళ్ళూ బిస్కట్ల డబ్బాలూ దించి, ఒడ్డు ఎటున్నదో చెయ్యి చాపి చూపించి, టోపీ అంచు ముట్టుకుని, ఆ కుర్రవాడు లోపలికి దిగిపోయాడు. నీళ్ళు మూసుకున్నాయి.

మామయ్య బతికి ఊరు చేరాడు. చేరి ఆ మాట వదినకు చెప్పాడు. ఆమె నమ్మింది.

యుద్ధం అయిపోయింది. అన్నయ్య రాలేదు. మనలో ఆచారం ఉంది కదా, మనిషి జాడ తెలియకుండా పోయి పన్నెండేళ్ళు గడిస్తే, మోదుగాకులతోనూ దర్భలతోనూ మనిషి ఆకారం చేసి దహనం చేస్తారు. ఆ పైనే కర్మ, ఆ పైనే భార్య బొట్టు తీయడం. ఇంట్లో పెద్దలు ఆ మాట ఎత్తితే పెద్దత్తయ్య ఒప్పుకోలేదట.

"జాడ తెలియనోళ్ళకి గదా ఆకుల బొమ్మ? నాకు జాడ తెలుసు. ఫలానా బొమ్మ ఉన్న పడవలో ఫలానా కుర్రోడి దగ్గర ఉన్నాడు. ఆ కుర్రోడు పోయాడని ఎవరన్నా చెప్పండి, అప్పుడు తీస్తా."

ఎవరు చెబుతారు? మార్టూరు పక్క పల్లెలో మిరప పండించుకునే వాళ్ళకు జర్మనీ కెప్టెన్ మంచిచెడ్డలు ఎవరు చెబుతారు? అలా ఆమె పసుపుకుంకుమలు ముక్కూమొహం తెలియని ఒక కుర్రవాడి ప్రాణానికి ముడిపడిపోయాయి. ఆ కుర్రవాడు క్షేమంగా ఉండాలని రెండో దీపం. ఆయన ఉంటే ఈయన ఉంటాడు.

ఊళ్ళో అందరూ దీన్ని ఒప్పుకున్నారని కాదు. కొందరు పేరంటానికి పిలిచేవాళ్ళు, కొందరు ఆ ఇల్లు దాటిపోయేవాళ్ళు. ఒకసారి ఒక పేరంటంలో ఎదురింటావిడ, "నీళ్ళల్లో ఉన్న మొగుడికి ఒడ్డున పసుపేంటి వదినా?" అంది అందరిలో.

"నీ మొగుడు ఒడ్డునే ఉన్నాడుగా, ఏం ఉద్ధరించాడే? కనీసం గొడ్డుకి గడ్డన్నా ఏస్తన్నాడా?" అంది పెద్దత్తయ్య, కాళ్ళకు పసుపు రాయించుకుంటూనే. నవ్వులు లేచాయి. ఎదురింటావిడ కూడా నవ్వింది. ఇంటికి వచ్చాక మాత్రం పెద్దత్తయ్య అన్నం తినకుండా పడుకుంది.

ఎనభైల్లో మార్టూరు చుట్టూ రాళ్ళు కోసి పాలిష్ పట్టే ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే లేస్తున్నాయి. మిరప పనులు లేనప్పుడు మా ఆయన ట్రాక్టర్ మీద రాళ్ళు తోలేవాడు. ఒకరోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర నవ్వుతూ, "ఫ్యాక్టరీలో కొత్త మిషను బిగించటానికి ఒక తెల్లాయన దిగాడు. మన గోంగూర నాలిక్కి తగిలించుకుని పంపు కాడికి పరిగెత్తాడు. జర్మనీ అంట" అన్నాడు.

మామయ్య చేతిలో ముద్ద అలాగే ఆగింది. పెద్దత్తయ్య మజ్జిగ పోస్తున్నది, గిన్నె నిండి పొర్లిపోయినా చూసుకోలేదు.

మరుసటి రోజు మామయ్య ఉతికిన పంచె కట్టుకుని మా ఆయన వెంట ఫ్యాక్టరీకి వెళ్ళాడు. యజమాని కొడుకు ఇంజనీరింగ్ చదివినవాడు, ఇంగ్లీషు వచ్చినవాడు. ఆ అబ్బాయి మధ్యలో నిలబడి ఈయన మాట ఆయనకు, ఆయన మాట ఈయనకు చెప్పాడు. మామయ్య పాలిష్ పట్టని రాతిపలక మీద సుద్దముక్కతో గొడుగు పట్టిన చేప బొమ్మ గీశాడట. జర్మనీ ఇంజనీరు ముందు నవ్వాడట. సంగతి తెలిశాక నవ్వు ఆపి, టోపీ తీసి, బొమ్మ ముందు గొంతుక్కూర్చున్నాడట. యుద్ధం నాటికి తాను చిన్నపిల్లవాణ్ణని, నీటి అడుగున తిరిగే ఆ పడవల్లో పోయినవాళ్ళు ఎక్కువమంది తిరిగి రాలేదని, తమ దేశంలో ఈ సంగతులు తెలిసినవాళ్ళున్నారని, కనుక్కుని వస్తానని చెప్పాడు. మిషను ఇంకో భాగం బిగించడానికి మళ్ళీ రావలసిన పని ఎలాగూ ఉంది.

"ఎక్కువమంది రాలేదు" అన్న మాట మామయ్య ఇంట్లో చెప్పలేదు. "కనుక్కుంటానన్నాడు వదినా" అని మాత్రం చెప్పాడు.

ఆ ఇంజనీరు తిరుగు ప్రయాణానికి ముందు నాలుగు రోజులూ ఆమెను చూసి ఉండవలసింది. ఆడపిల్లకు సంబంధం వచ్చిన ఇల్లులా చేసింది. చేలో ముందుగా పండిన మిరపకాయలు ఏరి తొక్కించి, చింతపండు వేసి పచ్చడి పెట్టి, జాడీ మూతికి గుడ్డ కట్టింది.

"ఆయనకి ఇదంటే ప్రాణం. ఇచ్చి రమ్మని ఆ ఇంజనీరుకి చెప్పరా అబ్బాయ్."

"పెద్దమ్మా, అసలు పెదనాన్న యాడున్నాడో..." మా ఆయన నీళ్ళు నమిలాడు.

"అందుకే గదరా ఆ ఇంజనీరు కనుక్కుంటానన్నది. అక్కడ ఒక తెల్లదాన్ని కట్టుకుని పిల్లల్ని కని ఉంటాడు. ఉండనీ. నేనేమన్నా జుట్టు పట్టుకుంటానా? దానికి ఒక చీర కూడా ఇద్దామనుకున్నా, వాళ్ళకి కట్టుకోటం రాదు గదా అని ఆగా."

నేను నవ్వాను, ఆమె నవ్వింది, మామయ్య లేచి గొడ్లచావిడిలోకి వెళ్ళిపోయాడు. జాడీ జర్మనీ వెళ్ళింది. తర్వాత అది ఏమైందో మేమెవరం అడగలేదు.

పత్తి తీతలు అయిపోయాయి, మిరపకోతలు వచ్చాయి. కల్లంలో ఎర్రగా కాయలు ఆరబోసి ఉన్నాయి. పెద్దత్తయ్యా నేనూ గోనెపట్టా మీద కూర్చుని, రంగు పోయి తెల్లబడిన తాలుకాయలను ఏరి పక్కన వేస్తున్నాం. ఫ్యాక్టరీ జీపు వచ్చి ఆగింది. జర్మనీ ఇంజనీరు, యజమాని కొడుకు దిగారు. ఇంజనీరు ఘాటుకు దగ్గుతూ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. కళ్ళనిండా నీళ్ళు. అవి మిరపకాయల వల్ల వచ్చినవే అనుకున్నాను.

ఆ అబ్బాయి మామయ్యను కొట్టం నీడలోకి పిలవబోయాడు. పెద్దత్తయ్య కాయలు ఏరుతూనే, "ఇక్కడే చెప్పు నాయనా. నా సంగతి నాకు చాటుగా ఎందుకు?" అంది.

ఆ అబ్బాయి మామయ్య ముఖం చూశాడు. మామయ్య తల వంచుకున్నాడు. ఇక ఇంజనీరు చెప్పడం, ఆ అబ్బాయి తెలుగులో చెప్పడం.

సముద్రం ఒడ్డున వాళ్ళ పట్నంలో ఆ పడవల్లో పనిచేసి బతికిన ముసలాయన ఒకాయన ఉన్నాడట. గొడుగు పట్టిన చేప అనగానే గుర్తుపట్టాడట. ఆ కెప్టెన్‌ది సముద్రమే లేని ఊరు. బడిపంతులు కొడుకు. పద్దెనిమిది నిండగానే నౌకాదళంలో చేరాడు. తెరచాప ఓడ మీద పని నేర్చుకున్నాడు. యుద్ధం మొదలయ్యాక వేరే కెప్టెన్ చేతికింద నీటి అడుగున తిరిగాడు. అతని పైవాళ్ళు ఒక్కొక్కరే చనిపోతుంటే చిన్నవాళ్ళకు పెద్ద పనులు వచ్చాయి. ఇరవై మూడేళ్ళకే సొంతంగా పడవ ఇచ్చారు. మొదటి ప్రయాణంలో ఒక్క ఓడ కూడా చిక్కక ఉత్తచేతులతో వెళితే తోటివాళ్ళు ఎగతాళి చేశారట. రెండో ప్రయాణం ఆఫ్రికా చుట్టి మన సముద్రంలోకి. అక్కడ చిక్కిన మొదటి ఓడ మనది.

"దానికి వాళ్ళ ప్రభుత్వం వైర్‌లెస్‌లో మెచ్చుకుని పతకం ఇచ్చిందట" అన్నాడు ఆ అబ్బాయి. అని నాలుక కరుచుకున్నాడు.

పెద్దత్తయ్య ఒక తాలుకాయ ఏరి పక్కన వేసింది. "తర్వాత?"

"గాయపడ్డ ఇండియా మనిషి ఒకాయన మా దగ్గర ఉన్నాడు, కోలుకుంటున్నాడు అని ఆ పడవ నుంచి వైర్‌లెస్‌లో కబురు వచ్చిందటండి. అది ఆ ముసలాయన చెప్పాడు."

"కోలుకుంటన్నాడా!" అంది. ఆమె ముఖం విచ్చుకోవడం చూశాను. అలా ఎందుకు విచ్చుకుందిరా భగవంతుడా అనిపించింది. "తర్వాత?"

ఇంజనీరు ఆగాడు. చెప్పాలా వద్దా అన్నట్టు ఆ అబ్బాయితో ఏదో అన్నాడు. చెప్పమన్నట్టు మామయ్య చెయ్యి కదిపాడు.

"వెనక్కి పోతూ ఇంకో ఓడను ముంచారట. అది పెద్దది. జనం చాలామంది ఉన్నారట, దాదాపు ఎవరూ మిగల్లేదట. తర్వాత కొద్దిరోజులకే విమానాలు ఈ పడవను పసిగట్టి బాంబులు వేశాయట. ఎవరూ పైకి రాలేదండి. అందరూ అక్కడే. మీ ఆయన కూడా."

ఇంజనీరు దగ్గు ఆపుకోలేక పక్కకు వెళ్ళాడు.

పెద్దత్తయ్య చేతిలోని కాయను అటూ ఇటూ తిప్పింది. "ఆ పిల్లోడికి తల్లి ఉందా?"

"యుద్ధం అయ్యాక కూడా చాలా ఏళ్ళు బతికిందటండి. ఇప్పుడు లేదు."

"ఎంత వయసు, ఆడు పోయేనాటికి?"

"ఇరవై నాలుగు."

ఆమె అప్పుడు మామయ్య వైపు తిరిగింది. ఏడవలేదు. "అబ్బాయ్, నేను ఆడు చల్లగా ఉండాలని దీపం పెట్టాను. ఆ మొదట్లో, నువ్వు ఇంటికొచ్చి చెప్పకముందే, సముద్రం మీద ఉన్నోళ్ళంతా చల్లగా ఉండాలని పెట్టాను. నేను పెట్టినందుకు ఆడు చల్లగానే ఉన్నాడు కాబోలు. ఉండబట్టే గదా ఇంకో ఓడని ముంచాడు? అందులో ఎంతమంది ఆడోళ్ళ మొగుళ్ళున్నారో?"

"నీకెట్టా తెలుసుద్ది వదినా" అన్నాడు మామయ్య. ఆయన గొంతు చిన్నపిల్లవాడి గొంతులా ఉంది. "నేను ఎనకమాల వస్తన్నాడని చెప్పా. నేను చెప్పబట్టే నువ్వు..."

"నువ్వు నాకు అబద్ధం చెప్పలేదు. ఆయన చెప్పమన్నదే చెప్పావు. పోనీలే."

ఆ సాయంత్రం వసారా గూట్లో దీపం లేదు. దేవుడి గూట్లోనూ లేదు. నేను వెలిగించబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

కొన్నాళ్ళు మాట లేకుండా తిరిగింది. బొట్టు మాత్రం అలాగే ఉంది. ఆ బొట్టు చూడాలంటే నాకు భయమేసేది. తీయమని చెప్పే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు, ఉంచుకోమని చెప్పే మాట ఏ నోటికీ రాలేదు. చివరికి ఆమే పంతులుగారిని పిలిపించమంది. వయసు మళ్ళిన పంతులుగారు వసారాలో కూర్చుని, ఎప్పుడో చేయవలసిన ఆకుల బొమ్మ ఇప్పుడు చేద్దాం, సముద్రం దగ్గర చేద్దాం అన్నాడు.

"అయ్యగారూ, ఆ రెండో ఓడ వాళ్ళ పేర్లు మనకి తెలియవు. ఆళ్ళకి నీళ్ళు వదలొచ్చా?" అని అడిగింది.

"వదలొచ్చమ్మా. పేరూ గోత్రం తెలియనివాళ్ళకి, నా అనేవాళ్ళు లేనివాళ్ళకి మన తర్పణంలోనే ఒక దోసెడు ఉంది."

"ముందు ఆళ్ళకి వదలాలి. తర్వాత మా ఆయనకి." వసారా గూటి వైపు చూసింది. "అందరికీ అయ్యాక, ఆ పిల్లోడికి కూడా ఒక దోసెడు. వాళ్ళమ్మ అక్కడ ఏం చేసుకుందో, చెయ్యనిచ్చారో లేదో."

పంతులుగారు పంచాంగం మూసి పక్కన పెట్టాడు. ఓడలు ముంచినవాడికి ఎలా అని ఆలోచించాడేమో, నాకు తెలియదు. చివరికి, "చివర వదులుదాంలేమ్మా" అన్నాడు.

ట్రాక్టర్ మీద వేటపాలెం దాటి సముద్రం ఒడ్డుకు వెళ్ళాం. ఎదురింటావిడ పిలవకుండానే వచ్చి ట్రాక్టర్ ఎక్కింది. ఇసుకలో మోదుగాకులతో మనిషిని పేర్చారు. మామయ్య నిప్పు పెట్టాడు. ఆకులు చిటపటలాడి తొందరగా కాలిపోయాయి. అంతేనా అనిపించింది నాకు. అన్నేళ్ళ మనిషి, అంతేనా? మామయ్య మోకాళ్ళలోతు నీళ్ళలో నిలబడి నువ్వులూ నీళ్ళూ వదులుతుంటే అల వచ్చి ఆయన్ను తోసేసింది. మా ఆయన పట్టుకున్నాడు. పెద్దత్తయ్య చెప్పినట్టే ముందు ఆ తెలియని జనానికి, తర్వాత తన భర్తకు, అందరికంటే చివర ఆ కుర్రవాడికి.

ఎదురింటావిడా మరో ఇద్దరు ముసలమ్మలూ బొట్టు తీయడానికి దగ్గరికి వచ్చారు. పెద్దత్తయ్య వాళ్ళను ఆగమంది. వంగి ఉప్పునీళ్ళు దోసిట్లోకి తీసుకుని, తానే ముఖం కడుక్కుంది. కుంకుమ కళ్ళలో పడి మండినట్టుంది, చాలాసేపు కళ్ళు తెరవలేదు. గాజులు పగలగొట్టనివ్వలేదు. ఒక్కొక్కటే తీసి నీళ్ళలో వదిలింది. ఎదురింటావిడ ఇసుకలో కూలబడి ఆమె కంటే గట్టిగా ఏడ్చింది.

తరువాతి శుక్రవారం నేను తలస్నానం చేసి, ఎప్పటిలాగే కుంకుమ భరిణె తీసుకుని ఆమె ముందు కూర్చున్నాను. నా నుదుట బొట్టు ఆమే పెట్టడం అలవాటు. ఆమె చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది.

"నువ్వు పెడితే నాకేం కాదు అత్తయ్యా."

"నాకు తెలుసమ్మాయ్. అయినా వద్దు. నువ్వే పెట్టుకో."

అద్దంలో చూసుకుని నేనే పెట్టుకున్నాను. వంకరగా వచ్చింది. ఆమె చూసింది, సరిచేయడానికి చెయ్యి లేవబోయి మళ్ళీ ఒళ్ళోకి దిగిపోయింది.

పొద్దు వాలాక దేవుడి గూట్లో దీపం పెట్టింది, ఒక్కటే. కళ్ళు మూసుకోలేదు, పెదాలు కదపలేదు.

"ఏం మొక్కుకున్నావు?" అని అడిగాను.

"ఏమీ మొక్కలేదు. మనం ఒకళ్ళ కోసం అడిగింది పోయి ఎవరికి తగులుద్దో మనకేం తెలుసు?"

ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఆమె దీపం పెట్టింది గానీ ఏ పేరునా ఏదీ కోరుకోలేదు. ఆమె మానుకున్న పని ఆమె తరఫున నేను చేస్తాను. ఇంతసేపు నా పక్కన కూర్చుని విన్నారు. మీ ఇంటి నుంచి బయటికి వెళ్ళిన ప్రతి మనిషీ తిరిగి మీ గడప తొక్కాలి. మీ ఇల్లు చల్లగా ఉండాలి. ఆ చల్లదనం ఏ ఇంటి ఉసురూ పోసుకోకుండా, మీ వాళ్ళందరికీ నిండా సరిపోవాలి.